బాంబినోనా, కాక్‌టెయిల్ టైమా? మొదటి ఆటోమేటిక్ వాచీ తేల్చుకోలేకపోతున్నాను

గోదావరి_గట్టు
ఇంతవరకు బ్యాటరీ వాచీలే కట్టాను. ఇప్పుడు ఒక మంచి ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా చేతి కదలికతోనే నడిచేది) కొనాలని ఉంది. డ్రెస్ వాచీ అంటారే, ఆఫీసుకూ పెళ్లిళ్లకూ పనికొచ్చేది కావాలి. సముద్రంలో దూకేవాళ్లు కట్టుకునే ఇనుప ముద్దలా ఉండకూడదు. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాను: ఓరియెంట్ బాంబినో, సీకో ప్రెసాజ్ కాక్‌టెయిల్ టైమ్ నీలం డయలు (ఎస్‌ఆర్‌పీబీ41). నాకు కనిపించిన ధరల్లో రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు.

కాగితం మీద చూస్తే రెండూ కవలలే. వెడల్పు 40.5 మి.మీ., మందం 12కు అటూ ఇటూ. రెండింటి లోపలి చక్రం గంటకు 21,600 సార్లే కొట్టుకుంటుంది. నిండా కీ ఇస్తే ఒకటి 40 గంటలు నడుస్తుంది, ఇంకొకటి 41. ఆ ఒక్క గంట కోసం రెట్టింపు డబ్బు పెట్టాలా? నా మణికట్టు చుట్టుకొలత 16 సెం.మీ. ఇంట్లో అడిగితే "ఫోనులో టైము కనిపించడం లేదా" అంటున్నారు.

ముల్లు_మూడు
ఆ డబ్బు డయలుకు. అంతే.

వాచీ_వీరభద్రం
ముల్లు_మూడు గారు చెప్పింది నిజమే కాని, కొత్తవారికి ఆ ఒక్క ముక్క చాలదు. రెండూ నా దగ్గర ఉన్నాయి కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

కాక్‌టెయిల్ టైమ్ పుట్టింది 2010లో. ఎస్‌ఏఆర్‌బీ065 అనే మోడల్‌ను జపాన్ మార్కెట్ కోసం తెచ్చారు. టోక్యో షిబుయాలో ఇషినోహానా అనే బార్ నడిపే షినోబు ఇషిగాకితో కలిసి ఆ రూపాన్ని ఆలోచించారు. గ్లాసులో పోసిన పానీయం మీద వెలుగు పడితే ఎలా ఉంటుందో డయలు అలా ఉండాలన్నది ఊహ. జపాన్ బయటివాళ్లు తెప్పించుకుని మరీ కట్టుకున్నారు. తర్వాత 2017లో ప్రెసాజ్ పేరుతో అందరికీ అందే ధరలో ఈ ఎస్‌ఆర్‌పీబీ వరుస వచ్చింది. ధర దించడానికి లోపలి యంత్రం మార్చారు. పాతదాంట్లో 6ఆర్15, దీంట్లో 4ఆర్35. డయలు మీద మాత్రం చేయి పెట్టలేదు. మధ్యలోంచి అంచుకు గీతలు అచ్చు వేసి, పైన మెరుపు పూత పూతలుగా వేస్తారు. ట్యూబులైటు కింద అది ముదురు నీలం. కిటికీ పక్కకు వెళ్లారో, నెమలి మెడ రంగు. మీటింగులో ఎదుటివారు ఏం చెబుతున్నారో వినబడదు.

బాంబినో అలా పిలవదు. దాని అందం అద్దంలో ఉంది. గుమ్మటంలా ఉబ్బిన అద్దం, దాని కింద అంచుల దగ్గర కిందికి వంగే డయలు, 1960ల నాటి వాచీ చూసినట్టు ఉంటుంది. పక్కనుంచి చూస్తే గీతలు వంకర తిరుగుతాయి. కొందరికి అదే చిరాకు.

రెండింట్లో ఒకటి అమ్మేయమంటే నేను సీకోనే అమ్ముతాను. ఎక్కువ రోజులు చేతికి ఉండేది ఓరియెంటే.

ఇంకు_బాధితుడు
ఓరియెంట్ ఇప్పుడు ఎప్సన్ వాళ్లది కదా? ప్రింటర్ల కంపెనీ వాచీ! ఇంకు అయిపోతే ముళ్లు ఆగిపోతాయా?

ముల్లు_మూడు
నలుపు అయిపోతే నీలం ముల్లు కూడా తిరగదు.

వాచీ_వీరభద్రం
నవ్వండి, నవ్వండి. ఆ సీకో ఎప్సన్ వాళ్లే స్ప్రింగ్ డ్రైవ్ అనే ఖరీదైన వాచీ యంత్రం కూడా తయారు చేస్తారు, దాని ధర చూశాక మళ్లీ రండి. ఓరియెంట్‌లో సీకో ఎప్సన్ 2001లో పెద్ద వాటా తీసుకుంది, 2009లో మొత్తం తీసుకుంది. 2017లో పూర్తిగా కలిపేసుకుంది. అయితే సీకో వాచీలు అమ్మే కంపెనీ, ఎప్సన్ రెండూ వేరు వేరు. పుట్టిల్లు ఒకటే, కాపురాలు వేరు. బాంబినోలో ఉన్న ఎఫ్6724 యంత్రం ఓరియెంట్ సొంతం. "ఓరియెంట్ లోపల ఉన్నది సీకోనే" అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి.

చిన్న_మణికట్టు
16 సెం.మీ. మణికట్టుకు 40.5 ఎందుకండీ? బాంబినో ఇప్పుడు 38.4 మి.మీ.లో కూడా వస్తోంది. పట్టీ తగిలించే కొమ్ము నుంచి కొమ్ముకు సుమారు 44 మి.మీ. కాక్‌టెయిల్‌కు అదే కొలత 47.5. నా చేయి మీకన్నా సన్నం. కాక్‌టెయిల్ షాపులో పెట్టి చూశాను, పెద్దన్నయ్య వాచీ అడిగి కట్టుకున్నట్టు ఉంది. డయలు చుట్టూ ఉండే అంచు సన్నం కావడంతో ఆ వాచీలు కొలత కన్నా పెద్దగా కనిపిస్తాయి.

సగం_చేతుల_చొక్కా
మీరందరూ దీన్ని "డ్రెస్ వాచీ" అని ఎలా అంటున్నారో అర్థం కావడం లేదు. డ్రెస్ వాచీ అంటే చొక్కా కఫ్ కిందికి జారిపోవాలి. 12 మి.మీ. మందం ఉన్నది కఫ్‌లో ఇరుక్కుంటుంది. పలచటిది కావాలంటే టైటన్ ఎడ్జ్ కట్టండి, మొత్తం మందం 3.5 మి.మీ. మన దేశంలో చేసినదే. టైమూ తప్పదు.

వాచీ_వీరభద్రం
మీ పేరే సగం చేతుల చొక్కా. కఫ్ గొడవ మీకెందుకండీ?

సగం_చేతుల_చొక్కా
సూత్రం చెప్పాను. విజయవాడ ఎండలో నిండు చేతుల చొక్కా ఎవరు వేస్తారు?

టిక్కు_టక్కు
ఎడ్జ్ గొప్ప వాచీయే, కాదనను. కాని ఆయన అడిగింది ఆటోమేటిక్. బిర్యానీ అడిగినవారికి ఆరోగ్యానికి ఇడ్లీ మంచిది అంటే ఎలా?

గోదావరి_గట్టు
38 మి.మీ. బాంబినో ఉందన్న సంగతి నాకు తెలియదు. చిన్న_మణికట్టు గారూ, అది కూడా అంతే మందమా?

చిన్న_మణికట్టు
అదే దాని లోపం. వెడల్పు తగ్గింది కాని మందం తగ్గలేదు, 12 మి.మీ.కు పైనే. చిన్నగా, బొద్దుగా ఉంటుంది. అయితే ఆ మందంలో చాలా భాగం ఉబ్బెత్తు అద్దమే కాబట్టి చేతి మీద అంత అనిపించదు. ఇంకో లాభం, దీని పట్టీ 20 మి.మీ. పాత 40.5 బాంబినోల్లో చాలావాటికి 21 మి.మీ. పట్టీ కావాలి. ఏ షాపుకు వెళ్లినా 20 ఉందంటారు, 22 ఉందంటారు. 21 అడిగితే వింతగా చూస్తారు.

సనత్‌నగర్_శీను
సీకో పేరు వింటే నాకు మన ఆల్విన్ గుర్తొస్తుంది. కొత్తతరానికి ఫ్రిజ్‌లే తెలుసు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేశారు. మా ఇంట్లో ఒకటి ఇప్పటికీ ఉంది. హెచ్‌ఎంటీ కథ కూడా ఇలాంటిదే. 1961లో బెంగళూరులో వాచీల కర్మాగారం పెట్టింది జపాన్ సిటిజన్ సహకారంతో. అంటే మన నాన్నల చేతికి ఉన్నవన్నీ ఒక రకంగా జపాన్ మేనల్లుళ్లే. ఈ లెక్కన గోదావరి_గట్టు గారు కొత్తగా ఏమీ చేయడం లేదు.

టిక్కు_టక్కు
మా నాన్నగారు రోజూ పొద్దున్న ఆకాశవాణి వార్తల టైముకు హెచ్‌ఎంటీ జనతాకు కీ ఇచ్చేవారు. వార్తలు మొదలయ్యేసరికి కీ ఇవ్వడం పూర్తి కావాలి, అదొక నియమం.

సనత్‌నగర్_శీను
ఆ జనతా కావాలని ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికేవారికి ఒక మాట. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ తర్వాత కొత్త జనతాలంటూ అమ్మేవాటిలో ఎక్కువభాగం పాత యంత్రానికి కొత్తగా రంగు పూసిన డయలు తగిలించినవే. పాత "సీకో 5" మోడల్ వాచీల పేరుతో కూడా ఇదే వ్యాపారం. చిలకపచ్చ, నారింజ రంగుల డయలు కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

పంచాంగం_పద్మ
నాకు తెలియక అడుగుతున్నాను. ఇంత డబ్బు పెట్టి కొంటే టైము ఎంత కచ్చితంగా చూపిస్తాయి?

వాచీ_వీరభద్రం
కంపెనీలు రాసిన హద్దులు ఇవి. బాంబినో రోజుకు 25 సెకన్లు ముందుకు గాని 15 వెనక్కి గాని పోవచ్చు. కాక్‌టెయిల్‌కు 45 ముందుకు, 35 వెనక్కి. ధర ఎక్కువున్నదానికి హద్దు వదులుగా ఉండటం విడ్డూరమే. ఇవి చివరి హద్దులు సుమా. నా సీకో రోజుకు పది సెకన్ల లోపే తేడా చూపిస్తుంది, ఓరియెంట్ కూడా దాదాపు అంతే. ఏ వాచీ ఎలా వస్తుందన్నది మన అదృష్టం.

పంచాంగం_పద్మ
విఘడియ అంటే 24 సెకన్లు. అంటే బాంబినో మహా అయితే రోజుకు ఒక విఘడియ. ముహూర్తానికి ఫరవాలేదు. కాక్‌టెయిల్ అయితే దాదాపు రెండు విఘడియలు, పంతులుగారిని అడగాలి.

ముల్లు_మూడు
వీడియోగ్రాఫర్ "మళ్లీ ఒకసారి కట్టండి" అనే పెళ్లిళ్లలో విఘడియల లెక్కా అమ్మా!

అబిడ్స్_ఆదిశేషు
మాది వాచీ రిపేరు కుటుంబం. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఐదారేళ్ల తర్వాత నూనె ఎండిపోయి సర్వీసుకు వస్తే ఏం చేస్తారు?

సీకో 4ఆర్35ను ఇతర కంపెనీలకు ఎన్‌హెచ్35 పేరుతో అమ్ముతారు. ప్రపంచంలో లెక్కలేనన్ని చిన్న కంపెనీలు దాన్నే తగిలిస్తున్నాయి. కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి, పూర్తి యంత్రమే కొత్తది దొరుకుతుంది. చాలాసార్లు పాతది విప్పి కడిగి నూనె వేసే కూలి కన్నా కొత్త యంత్రం వేయడమే చవక. మా నాన్నకు ఆ పద్ధతి నచ్చదు, "అది వైద్యం కాదు, తల మార్చడం" అంటాడు. కాని వాడేవారికి లాభం. ఓరియెంట్ ఎఫ్6 అలా బజారులో దొరకదు. యంత్రం గట్టిదే, చెడిపోదు అనడానికి మా బల్లే సాక్ష్యం. కాని చెడిపోతే భాగం కోసం ఎదురుచూడాలి.

నన్ను అడిగితే దీర్ఘకాలానికి సీకోకే ఓటు.

వాచీ_వీరభద్రం
ఆదిశేషు గారూ, వృత్తిలో ఉన్నవారి మాట కాదనలేను గాని, ఒక లెక్క చూడండి. బాంబినో సగం ధర. మిగిలిన సగంతో పదేళ్ల సర్వీసు చేయించుకోవచ్చు. మరీ పాడైతే ఇంకో బాంబినో కొనుక్కోవచ్చు.

అబిడ్స్_ఆదిశేషు
లెక్క సరిగానే ఉంది. కాని పెళ్లినాటి వాచీ, కొడుకు పుట్టిననాటి వాచీ అని తెచ్చేవారికి "ఇంకోటి కొనండి" అని చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ముల్లు తుప్పు పట్టినా మార్చవద్దంటారు.

డల్లాస్_చిన్నాన్న
ఇక్కడ అమెరికాలో బాంబినో మీద ఎప్పుడూ ఏదో ఒక తగ్గింపు నడుస్తుంటుంది. వచ్చేవాళ్ల చేత తెప్పించుకోండి. మా అన్నయ్య కొడుక్కి అలాగే పంపాను.

టిక్కు_టక్కు
చిన్నాన్నా, మీరు ఎప్పుడు వస్తున్నారు? చిరునామా పంపనా?

డల్లాస్_చిన్నాన్న
ఇందుకే ఇలాంటి చోట్ల నోరు విప్పకూడదు.

సగం_చేతుల_చొక్కా
బయటినుంచి తెప్పించేముందు వారంటీ ఏ దేశానికి వర్తిస్తుందో కార్డు చూసుకోండి. వారంటీలో ఉన్న వాచీకి ఇక్కడ డబ్బు కట్టి బాగు చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. అమ్మినవాడు సముద్రం అవతల ఉంటాడు, తిరిగి పంపే ఖర్చే తడిసి మోపెడవుతుంది.

గోదావరి_గట్టు
ఇప్పటివరకు నాకు అర్థమైంది: అందానికి, రిపేరుకు సీకో. ధరకు, నా చేతి కొలతకు 38 బాంబినో. నిన్న షాపుకు వెళ్లి నీలం కాక్‌టెయిల్ చేతికి పెట్టి చూశాను. వీరభద్రం గారు చెప్పిన నెమలి మెడ నిజమే. కాని కొమ్ములు మణికట్టు అంచుకు వచ్చేశాయి. పైగా మా నాన్నగారు పేరేమిటని అడిగితే "కాక్‌టెయిల్" అని చెప్పాల్సి వచ్చింది.

ముల్లు_మూడు
పానకం టైమ్ అని చెప్పాల్సింది. శ్రీరామనవమికి కట్టుకోవచ్చు.

పంచాంగం_పద్మ
బ్లూ మూన్, మార్టిని, మాన్‌హటన్. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పేరట. తాగనివాళ్లకు నిమ్మసోడా అని ఒకటి విడుదల చేస్తే మన ఊళ్లలో బాగా పోతుంది.

తీరం_తిరుపతమ్మ
విశాఖలో ఉంటాను. మీలో ఎవరూ చెమట మాట ఎత్తలేదు. కాక్‌టెయిల్‌కు వచ్చే మెరుపు పూత తోలు పట్టీ మా ఉక్కపోతలో చేతికి అంటుకుపోతుంది. బాంబినోతో వచ్చేది మొదట్లో అట్టలా బిగుసుగా ఉంటుంది, తడిస్తే వాసన పడుతుంది. ఏది కొన్నా పెట్టెలో పట్టీని పండగలకు దాచి, మామూలు రోజులకు స్టీలు జాలీ పట్టీ వేసుకోండి. పెళ్లిళ్ల మాట అన్నారు కాబట్టి ఇంకొకటి: పసుపు. తోలుకు పసుపు నీళ్లు తగిలితే ఆ మరక పోదు. మా మరిది పెళ్లినాటి పట్టీ ఇప్పటికీ పెళ్లికొడుకులాగే ఉంది.

వాచీ వెనక 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్పై మీటర్ల లోతు దాకా వెళ్లవచ్చని కాదు. బాంబినో 30, కాక్‌టెయిల్ 50. చేతులు కడుక్కున్నప్పుడు నాలుగు చుక్కలు పడితే రెండూ తట్టుకుంటాయి. మంగళస్నానానికి మాత్రం తీసి పక్కన పెట్టండి.

చిన్న_మణికట్టు
చీకట్లో టైము చూసుకునే అలవాటుంటే రెండూ వద్దు. దేనికీ ముళ్ల మీద వెలిగే పూత లేదు. రెండో ఆట సినిమాలో విశ్రాంతి ఎప్పుడో తెలియదు.

సనత్‌నగర్_శీను
సెకండ్‌హ్యాండ్ బాంబినో చూస్తుంటే ఒక పరీక్ష చేయండి. కీని చివరి వరకు బయటికి లాగండి. సెకన్ల ముల్లు ఆగితే కొత్త యంత్రం. ఆగకుండా తిరుగుతూనే ఉంటే మొదటి తరానిది, దానికి చేత్తో కీ ఇవ్వడం కూడా కుదరదు. వాడక వాచీ ఆగిపోతే ఊపి ఊపి నడిపించుకోవాల్సిందే. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, ఫొటోలో తెలియదు.

గోదావరి_గట్టు
ఊపడం అంటే గుర్తొచ్చింది. శని, ఆదివారాలు కట్టకపోతే ఆగిపోతుంది కదా. ఆ తిప్పే పెట్టె ఏదో అమ్ముతున్నారు, అది కొనాలా?

అబిడ్స్_ఆదిశేషు
వద్దు. ఆగితే ఆగనివ్వండి, ఆగిన వాచీ అరగదు. సోమవారం కీ ఒక ఇరవై, ముప్పై చుట్లు తిప్పి టైము పెట్టుకోండి. తేదీ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లవారు మూడింటికీ మధ్య ఉన్నప్పుడు తేదీ తిప్పకూడదు. ఆ సమయంలో లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముందు ముళ్లను ఆరు దగ్గరకు తెచ్చి, తేదీ మార్చి, తర్వాత టైము పెట్టండి. మా బల్ల మీదికి వచ్చే కొత్త ఆటోమేటిక్‌లలో సగం ఈ కేసులే.

మిగతా సగం అయస్కాంతం కేసులు. రోజూ సరిగ్గా నడిచే వాచీ ఉన్నట్టుండి రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరుగెత్తితే భయపడకండి. ట్యాబ్ మూత, స్పీకరు, హ్యాండ్‌బ్యాగు బొత్తాం, దేనిలోని అయస్కాంతమో సోకి లోపలి వెంట్రుక స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అయస్కాంతం తీసే పరికరం మీద వాచీ పెట్టి తీస్తే క్షణంలో పోతుంది. దానికి పూర్తి సర్వీసు చేయాలని ఎవరైనా అంటే వాచీ తీసుకుని బయటికి వచ్చేయండి.

సగం_చేతుల_చొక్కా
తేదీ తొమ్మిది దాటాక మార్చకూడదు, నీళ్లు తగలకూడదు, అయస్కాంతం సోకకూడదు, పసుపు అంటకూడదు. వాచీ కొంటున్నారా, మడి కడుతున్నారా?

పంచాంగం_పద్మ
వర్జ్యం కూడా ఉంది చూశారా, తొమ్మిది నుంచి మూడు.

గోదావరి_గట్టు
38 మి.మీ. బాంబినో, మీగడ రంగు డయలు తీసుకుంటున్నాను. ఆదిశేషు గారి మాట మనసులో పీకుతూనే ఉంది గాని, చేతికి నప్పని వాచీకి విడిభాగాలు దొరికితే ఏం లాభం? మిగిలిన డబ్బులో కొంత స్టీలు జాలీ పట్టీకి.

వాచీ_వీరభద్రం
మంచి నిర్ణయం.

ముల్లు_మూడు
ఆరు నెలల్లో కాక్‌టెయిల్ కూడా కొంటాడు. రాసి పెట్టుకోండి.

అబిడ్స్_ఆదిశేషు
సంతోషం. ఎప్పుడైనా తేడా వస్తే తీసుకురండి, భాగం దొరికేదాకా టీ ఇప్పిస్తాను.

మౌనపాఠకురాలు
మొదటిసారి రాస్తున్నాను. ఇదే 38 బాంబినో నాకూ నచ్చింది. నా మణికట్టు 14.5 సెం.మీ. మాత్రమే. ఆడవాళ్లకు బాగుంటుందా, పెద్దదవుతుందా?

చిన్న_మణికట్టు
చుట్టుకొలతతో తేలదండీ. మణికట్టు పైభాగం చదునుగా ఉన్నచోట స్కేలు అడ్డంగా పెట్టి కొలవండి. అక్కడ 46 మి.మీ.కు పైన ఉంటే కొమ్ములు బయటికి రావు, ధైర్యంగా కొనండి. 44 కన్నా తక్కువ ఉంటే షాపులో చేతికి పెట్టి చూడకుండా ఆర్డరు పెట్టకండి. కొలిచి ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.